ఇంట్లో హెర్నియా అని చెప్పుకున్న లైపోసక్షన్: ఒక కేసు, ఆరు నెలలు

ఆపరేషన్ అయిన నాలుగో రోజు రాత్రి పదకొండున్నరకి ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. బరువు చూసుకునే మెషీను, దాని మీద రెండు పాదాలు, పాదాల మధ్య 72.6 అన్న అంకె. కింద ఒకటే లైను: "సార్, ఆపరేషన్‌కి ముందు నేను 71."

నేను ప్లాస్టిక్ సర్జన్ని, గుంటూరు జిల్లాలో ప్రాక్టీసు. ఈ కేసులో కత్తి పనికి సంబంధించి చెప్పుకోదగ్గ విశేషం ఏమీ లేదు. లైపోసక్షన్, అంటే చర్మం కింది కొవ్వుని గొట్టంతో లాగేయడం. పొట్ట, నడుము పక్కలు, రెండుంపావు గంటల పని, రక్తం పెద్దగా పోలేదు, రెండో రోజున ఇంటికి పంపించాం. సర్జన్ల మీటింగులో స్లైడు వేసి చూపించే సరుకు కానే కాదు. అయినా ఎందుకు రాస్తున్నానంటే, ఆ తర్వాతి ఆరు వారాల్లో ఆ ఫొటో పంపిన పేషెంటు పడ్డ ఇబ్బందుల్లో చాలావరకు నేను ముందుగా చెప్పకపోవడం వల్లో, ఆవిడ ఇంట్లో చెప్పకపోవడం వల్లో వచ్చినవే. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

వయసు 38. ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు, అంటే బీఎంఐ, ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 28.4. మన దేశం లెక్కల్లో 25 దాటితే ఊబకాయమే. కానీ ఆవిడ అంతకుముందు 77 ఉండేది, రోజూ నడిచి, రాత్రిపూట అన్నం మానేసి ఆరు కిలోలు తగ్గింది, ఎనిమిది నెలలుగా అక్కడే నిలబడింది. నాకు బీఎంఐ కంటే ఈ ఎనిమిది నెలల మాటే ముఖ్యం. బరువు ఇంకా పైకీ కిందకీ ఊగుతున్న మనిషికి లైపోసక్షన్ చేస్తే ఇసుకలో ముగ్గేసినట్టే.

వచ్చీ రాగానే రెండు చేతులతో కింది పొట్ట ఎత్తి చూపించింది. "ఇది మాత్రం ఏం చేసినా కదలట్లేదు సార్. లంగా బొందు ఎక్కడ కట్టుకోవాలో తెలియట్లేదు. దీని పైన కడితే పొట్ట కిందకి వేలాడుతుంది, కింద కడితే చీర జారిపోతుంది." ఇరవై ఏళ్ళలో ఇంత చక్కగా కంప్లయింట్ చెప్పిన పేషెంటు లేదు. ఆ బొందు దగ్గరే మా మొత్తం సంభాషణ నడిచింది.

నిలబెట్టి గిల్లి చూశాను. వినడానికి మోటుగా ఉంటుంది కానీ లైపోసక్షన్‌కి అసలు పరీక్ష అదే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొరికేది చర్మం కింది కొవ్వు, నా గొట్టం చేరగలిగేది అక్కడి వరకే. పేగుల చుట్టూ, కండరం వెనక పేరుకున్న కొవ్వుని ఏ లైపోసక్షనూ తీయలేదు. మా దగ్గరికి వచ్చే మగవాళ్ళలో చాలామందిది కుండలాంటి గట్టి పొట్ట, గిల్లితే చేతికి ఏమీ రాదు, వాళ్ళని నడవమని చెప్పి పంపించేస్తాను, కోపంగానే వెళ్తారు. ఈవిడకి పొట్ట మీద రెండంగుళాల పైనే దొరికింది, పక్కల్లో కూడా బాగానే దొరికింది. పడుకోబెట్టి తల ఎత్తమంటే మధ్యలో కండరాలు కొంచెం విడిపోయి ఉన్నాయి, కాన్పుల తర్వాత మామూలే. సిజేరియన్ గీత పైన చర్మం చిన్న అరుగులా ముందుకొచ్చి ఉంది.

అప్పుడే చెప్పాను. కొవ్వు తీస్తాను, కానీ సాగిన చర్మం రబ్బరులా వెనక్కి పోదు, కొంత ముడుచుకుంటుంది, కొంత మిగులుతుంది, విడిపోయిన కండరం దగ్గరికి రాదు. అవి రెండూ సరికావాలంటే పొట్ట కోసి చర్మం తీసేసి కండరం కుట్టే ఆపరేషన్ వేరే ఉంది, దానికి ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా మచ్చ పడుతుంది. ఆ మచ్చ వద్దంది. సరే, అయితే బొందు కట్టుకోవడం సుఖమవుతుంది కానీ పొట్ట అద్దంలా అవదు అన్నాను. ఒప్పుకుంది. ఒప్పుకున్నట్టు కాగితం మీద కూడా రాయించాను, ఎందుకంటే మూడో నెలలో ఈ మాట ఎవరికీ గుర్తుండదు.

"ఎన్ని కిలోలు తగ్గుతాను సార్?" ఇది అడగని వాళ్ళు లేరు. కొవ్వు నీటి కంటే తేలిక, లీటరు కొవ్వు దాదాపు 900 గ్రాములు తూగుతుంది. ఈవిడలో రెండున్నర లీటర్ల కొవ్వు వస్తుందనుకుంటే బరువులో రెండుంపావు కిలోలు. ఇంత ఖర్చుకి రెండుంపావేనా అని మొహం పెట్టింది. అవును, అంతే. ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదు, ఆకారం సరిచేసేది. మెషీను మీద కాదు, టేపు మీద కనపడుతుంది.

తర్వాత షుగర్ సంగతి. ఆవిడ హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ లెక్క) 5.9, అంటే షుగర్ జబ్బుకి ముందు గీత మీద ఉంది. పొట్ట కొవ్వు తీస్తే షుగర్ కూడా తగ్గుతుందని ఎక్కడో చదివిందట. తగ్గదు. 2004లో అమెరికాలో సామ్యుయెల్ క్లైన్ అనే ఆయన బృందం పదిహేను మంది ఊబకాయం ఉన్న ఆడవాళ్ళకి ఒక్కొక్కరికీ తొమ్మిది పది కిలోల కొవ్వు లాగేసి రెండు మూడు నెలల తర్వాత చూస్తే ఇన్సులిన్ పనితీరులో గానీ బీపీలో గానీ కొలెస్ట్రాల్‌లో గానీ మార్పు లేదు. షుగర్‌ని పాడుచేసే కొవ్వు ఎక్కువగా లోపలి కొవ్వు, దాన్ని కరిగించేది నడకే. ఆరు కిలోలు తగ్గినప్పుడు మీ షుగర్‌కి మీరు చేసుకున్న మేలు నేను చేయలేను అన్నాను.

"ఎలాగూ మత్తు ఇస్తారు కదా, చేతులు కూడా ఒకేసారి చేసేయండి సార్" అని అడిగింది. కాదన్నాను. మొత్తం లాగేది అయిదు లీటర్లు దాటితే పెద్ద లైపోసక్షన్ కింద లెక్క, ఒంట్లో నీళ్ళూ ఉప్పులూ తారుమారవుతాయి, ఇంకా దగ్గరగా కనిపెట్టుకుని ఉండాలి. ఆవిడకి అంత దాకా వెళ్ళాల్సిన పని లేదు. పైగా పొట్టకి బిగుతు తొడుగు, చేతులకి బిగుతు తొడుగు, ఇంట్లో పని, పిల్లలు, ఎవరు చూస్తారు?

ఆవిడ అక్క కూడా వచ్చింది, ఆవిడ ప్రశ్న ఇంకోటి. ఆర్తి అగర్వాల్. 2015లో ఆ అమ్మాయి అమెరికాలో లైపోసక్షన్ చేయించుకున్న కొన్ని వారాలకి చనిపోయిన దగ్గర్నుంచీ తెలుగువాళ్ళెవరు వచ్చినా ఈ పేరు ఒకసారి వస్తుంది. నేను చూడని కేసు గురించి నేను మాట్లాడను, కానీ ఆ ప్రశ్న వెనకున్న భయం న్యాయమైనదే. ఈ ఆపరేషన్ వల్ల ప్రాణం పోవడం అరుదు, కానీ లేకపోలేదు. కాళ్ళలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళడం, కొవ్వు తుంపులు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్ని కమ్మేయడం, గొట్టం పొరపాటున పొట్ట లోపలికి దిగి పేగు చిల్లుపడటం, మత్తుమందు మోతాదు మించడం, ఇవీ మనిషిని చంపేవి. అందుకే అడగాల్సిన ప్రశ్నలు మిషన్ పేరు గురించి కాదు. చేసే మనిషికి ప్లాస్టిక్ సర్జరీలో స్పెషలిస్టు డిగ్రీ, ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ ఉందా, స్టేట్ మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉందా, మత్తు డాక్టరు ఆపరేషన్ అంతసేపూ తల దగ్గర ఉంటాడా, తేడా వస్తే ఐసీయూ అదే బిల్డింగులో ఉందా. అల్ట్రాసౌండ్, లేజర్, పవర్ అని రకరకాల పేర్లతో మిషన్లున్నాయి, నేనూ రెండు వాడతాను, వాటి తేడా చేతి తేడా ముందు చిన్నదే. ఖర్చు ఇన్సూరెన్సులో రాదు, అందం కోసం చేసేది కాబట్టి పైన 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది, అది బిల్లులో చూసి ఉలిక్కిపడకండి అని ముందే చెప్తాను.

పరీక్షలు మామూలువే: హిమోగ్లోబిన్, థైరాయిడ్, రక్తం గడ్డకట్టే టైము, ఈసీజీ. వాటితోపాటు పొట్టకి స్కాన్. ఎందుకంటే బొడ్డు దగ్గరో పాత కుట్టు దగ్గరో హెర్నియా, అంటే కండరంలో సందు పడి పేగు ముందుకు రావడం, ఉండి, అది తెలియకుండా గొట్టం తోస్తే నేరుగా పేగులోకి. "హెర్నియా లేదు, మంచిది" అని స్కాన్ చూసి నేనే అన్నాను. ఆ మాటే ఆవిడకి పనికొచ్చిందని తర్వాత తెలిసింది.

మందుల జాబితా అడిగితే ఏమీ వాడట్లేదంది. మా నర్సు సిస్టర్ అనుభవం ఉన్న మనిషి, మళ్ళీ ఇంకోలా అడిగింది: "డేట్ వాయిదా మాత్రలేమైనా?" కార్తీక సోమవారానికి అడ్డు రాకుండా వేసుకుందామని కొని బ్యాగులో పెట్టుకుంది. వాటిని ఎవరూ మందుల కింద లెక్కేయరు, కానీ హార్మోన్ మాత్రలు రక్తం గడ్డకట్టే ముప్పు పెంచుతాయి. వద్దన్నాను. చేప నూనె మాత్రలు, వెల్లుల్లి మాత్రలు కూడా రెండు వారాల ముందే ఆపించాం, అవి రక్తస్రావం పెంచొచ్చన్న అనుమానంతో.

నవంబరు మధ్యలో ఆపరేషన్. పొద్దున్నే నిలబెట్టి గీతలు గీశాను. పడుకుంటే కొవ్వు పక్కలకి జారిపోయి ఎక్కడిదక్కడ కనపడదు, అందుకే నిలబెట్టే గీయాలి. ఎత్తైన చోట గుండ్రాలు, గుండ్రంలో గుండ్రం, కొండల మ్యాపులాగ. తీయకూడని చోట అడ్డగీతలు.

థియేటరు బయట భర్త అడిగాడు, రక్తం ఎక్కించాలా అని. ఒకప్పుడైతే ఎక్కించేవాళ్ళు. 1970ల చివర పారిస్‌లో ఇలూజ్ మొద్దు మొన ఉన్న గొట్టంతో కొవ్వు లాగడం మొదలుపెట్టి ఈ ఆపరేషన్‌ని ప్రపంచానికి అలవాటు చేసినా, ఆ రోజుల్లో రక్తం బాగా పోయేది. 1980ల మధ్యలో కాలిఫోర్నియాలో జెఫ్రీ క్లైన్ అనే చర్మ డాక్టరు, పైన చెప్పిన క్లైన్ వేరు ఈయన వేరు, లీటరు సెలైన్‌లో కాస్త లిడోకైన్, ఒక మిల్లీగ్రాము అడ్రినలిన్ కలిపి ముందే కొవ్వులోకి ఎక్కించే పద్ధతి తెచ్చాడు. అడ్రినలిన్ రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది, పదిహేను ఇరవై నిమిషాలు ఆగితే చర్మం తెల్లగా పాలిపోతుంది, అప్పుడు లాగితే వచ్చేది కొవ్వే, రక్తం చాలా తక్కువ. ఆ ఇరవై నిమిషాలు ఆగలేని సర్జన్లు ఉన్నారు. నేను టీ తాగొస్తాను.

ఆవిడకి నాలుగు లీటర్ల ద్రావణం ఎక్కించాం, గోరువెచ్చగా చేసి. చల్లటిది ఎక్కిస్తే ఒంటి వేడి పడిపోతుంది. లిడోకైన్ మొత్తం 2,000 మిల్లీగ్రాములు, ఆవిడ బరువుకి కిలోకి 28 చొప్పున, కిలోకి 35 దాటకూడదన్న గీతకి లోపలే. కాళ్ళకి గాలి పంపు తొడుగులు. బోర్లా పడుకోబెట్టి ముందు పక్కలు, తర్వాత వెల్లకిలా తిప్పి పొట్ట. చిల్లులు మొత్తం అయిదు, ఒక్కొక్కటి నాలుగు మిల్లీమీటర్లు: బొడ్డులో ఒకటి, సిజేరియన్ గీత రెండు కొసల్లో రెండు, వెనక నడుం మీద రెండు.

చూసేవాళ్ళకి కుడి చెయ్యి ఊగుతూ కనిపిస్తుంది కానీ అసలు పని ఎడమ చెయ్యిది. అరచెయ్యి చర్మం మీద ఆనించి ఉంచితే లోపల గొట్టం కొన ఎక్కడుందో, ఎంత లోతులో ఉందో, ఏ పక్కకి పోతోందో వేళ్ళకి తెలుస్తూ ఉంటుంది. ఎడమ చేతికి గొట్టం తెలియకపోతే ఆగిపోవాలి, అంతే. పైపులో మొదట పసుపుపచ్చగా వస్తుంది, నెయ్యి కాచినప్పటి రంగు. తర్వాత నారింజ. ఎర్రబడటం మొదలైతే అక్కడ పని అయిపోయినట్టు, ఇంకొంచెం అని ఆశపడకూడదు. చర్మం కింద సెంటీమీటరు పైచిలుకు కొవ్వు మిగల్చాలి, పూర్తిగా గీకేస్తే చర్మం కండరానికి అతుక్కుని గుంటలు పడుతుంది. డబ్బాలో మొత్తం 3.4 లీటర్లు. అరగంట కదపకుండా ఉంచితే కొవ్వు పైకి తేలింది, 2.5 లీటర్లు, కింద గులాబీ నీళ్ళు.

ఆ రాత్రి ఆస్పత్రిలోనే ఉంచాను. పొద్దున చేసి సాయంత్రం ఇంటికి పంపేసే చోట్లు ఉన్నాయి. కానీ కొవ్వులోకి ఎక్కించిన లిడోకైన్ రక్తంలోకి మెల్లగా చేరుతుంది, ఎక్కువ మోతాదు కనపడేది ఎనిమిది నుంచి పదహారు గంటల మధ్య, అంటే సరిగ్గా మనిషి ఇంట్లో నిద్రపోయే టైముకి. నాకు ఆ టెన్షన్ వద్దు.

రాత్రంతా చిల్లుల్లోంచి నీళ్ళు కారతాయని, పరుపు తడుస్తుందని, అది రక్తం కాదని, ఎక్కించిన ద్రావణమే బయటికి వస్తోందని, కారితేనే వాపు తొందరగా తగ్గుతుందని ముందే చెప్పాను. అందుకే కొన్ని చిల్లులకి కుట్టు వేయను. ఇంత చెప్పినా భర్త రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టర్ని లేపాడు, దుప్పటి ఎర్రగా ఉందని. తప్పులేదు. గ్లాసుడు నీళ్ళలో చెంచా రక్తం కలిస్తే మంచం మీద హత్య జరిగినట్టే ఉంటుంది.

నొప్పి గురించి ఆవిడ మాట: "కోసినట్టు లేదు సార్, రోట్లో వేసి దంచినట్టుంది." సరిగ్గా అదే. కుట్టు నొప్పి కాదు, ఒళ్ళు నలిగిన నొప్పి. పారాసెటమాల్‌తో చాలామందికి సరిపోతుంది, మొదటి రెండు రోజులు కాస్త పెద్ద మాత్ర. సాయంత్రమే లేపి బాత్రూమ్ దాకా నడిపించాం.

బిగుతు తొడుగు, గార్మెంట్ అంటాం, మొదటిసారి విప్పేది ఎప్పుడూ మా కళ్ళ ముందే, రెండో రోజున, కుర్చీలో కూర్చోబెట్టి. అంతసేపు పట్టి ఉంచిన ఒత్తిడి ఒక్కసారి వదిలితే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి, బాత్రూములో నిలబడి విప్పుకుని పడిపోయిన వాళ్ళున్నారు. ఈవిడకీ మొహం చెమటలు పట్టింది, తల కిందికి వంచి కూర్చోబెడితే రెండు నిమిషాల్లో తేరుకుంది. ఇంట్లో కూడా ప్లాస్టిక్ కుర్చీ వేసుకునే స్నానం చేయాలని చెప్పి, రోజుకి 23 గంటలు గార్మెంట్, ఆరు వారాలు అని చెప్పి పంపించాను. గంటకోసారి లేచి నడవమని కూడా చెప్పాను.

ఇక్కడి దాకా పుస్తకం ప్రకారమే నడిచింది. ఇంటికెళ్ళాక కథ వేరు.

మూడో రోజు భర్త హైదరాబాదు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. ఇంట్లో అత్తగారు. అత్తగారికి చెప్పింది హెర్నియా ఆపరేషన్ అని. ఆ పెద్దావిడ తనకి తెలిసిన పద్ధతిలో కోడల్ని కంటికి రెప్పలా చూసుకుంది. మంచం దిగనివ్వలేదు, "కదిలితే కుట్లు ఊడతాయి అమ్మాయ్" అని. పప్పు పెట్టలేదు, చీము పడుతుందని. గుడ్డు పెట్టలేదు, వేడి చేస్తుందని. పథ్యం అంటే వేడన్నంలో వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడి. అంటే మనిషికి ప్రోటీన్ లేదు, ఉప్పు మాత్రం రోజుకి మూడు పూటలా దండిగా పడుతోంది. ఆపరేషన్ తర్వాత వాపు మూడు నుంచి అయిదు రోజుల మధ్య ఎలాగూ తారస్థాయికి చేరుతుంది, దానికి ఈ పచ్చడి తోడైంది. ఆ 72.6 అలా వచ్చింది.

నిజానికి ఎవరికైనా మొదటి వారం బరువు పెరుగుతుంది. ఎక్కించిన నీళ్ళలో మిగిలినవి, సెలైను, వాపు, అన్నీ బరువే. ఇది నాకు ఎంత మామూలు విషయం అయిపోయిందంటే చెప్పాలనే తోచలేదు. రెండు కిలోలు తగ్గుతావని లెక్క వేసి మరీ చెప్పిన నేను, ముందు పెరుగుతావని చెప్పలేదు. ఇప్పుడు డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది: నెల దాటేదాకా మెషీను ఎక్కొద్దు.

అయిదో రోజు సాయంత్రం ఫోన్. ఎడమ పిక్క పట్టేసినట్టుందంది. ఈ ఒక్క మాటకి నేను ఎక్కడున్నా లేచి వస్తాను. ఒక కాలి పిక్కలో నొప్పీ వాపూ, హఠాత్తుగా ఆయాసం, గుండెలో పొడిచినట్టు ఉండటం, పొట్ట చెక్కలా గట్టిపడటం, 101 దాటిన జ్వరం, మాట తడబడటం, వీటిలో ఏది వచ్చినా పొద్దున దాకా ఆగకూడదు. వెంటనే రమ్మన్నాను. ఆక్సిజన్ 98, నాడి కొంచెం వేగం, పిక్క నొక్కితే నొప్పి. రాత్రికి రాత్రి కాళ్ళకి డాప్లర్, అంటే రక్తనాళాల స్కాన్, చేయించాం. గడ్డ లేదు. మూడు రోజులు కదలకుండా పడుకున్నందుకు కండరం పట్టేసింది, అంతే. అదృష్టం.

అప్పుడడిగాను, గంటకోసారి నడవమన్నాను కదమ్మా అని. తల దించుకుని హెర్నియా సంగతి చెప్పింది. "ఇద్దరు పిల్లల తల్లికి ఈ వయసులో సోకులు అవసరమా అంటారని సార్."

నేను తిట్టలేదు. తిట్టే హక్కు కూడా లేదు, ఎందుకంటే ఇంట్లో ఎవరికి తెలుసు అని నేను అడగనే లేదు. మా పేషెంట్లలో చాలామంది గర్భసంచి ఆపరేషన్ అనో గడ్డ తీశారనో చెప్పుకుంటారని నాకు తెలుసు, నవ్వుకుని వదిలేసేవాణ్ణి. గర్భసంచికైనా హెర్నియాకైనా ఇంటివాళ్ళ బుర్రలో ఒక పథ్యం, ఒక విశ్రాంతి ముందే అచ్చు వేసి ఉంటాయి. అబద్ధం చెప్పిన ఆపరేషన్‌కి తగ్గ సేవ జరుగుతుంది, నిజంగా జరిగిన ఆపరేషన్‌కి కాదు. ఈ కేసు తర్వాత నేను ఒక షరతు పెట్టాను: ఎవరితో ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం, కానీ మొదటి పది రోజులు రాత్రీ పగలూ పక్కనుండే ఒక మనిషికి నిజం తెలియాలి, ఆ మనిషి ఆపరేషన్‌కి ముందు ఒకసారి నా దగ్గరికి రావాలి. ఇద్దరు పేషెంట్లు దీనికే వెనక్కి వెళ్ళిపోయారు.

బయట బల్ల మీద కూర్చున్న అత్తగారు నన్ను ఆపి అడిగింది: "హెర్నియాకీ కాళ్ళకీ సంబంధం ఏంటి డాక్టరు బాబూ?" పేషెంటు రహస్యం నాది కాదు. "ఏ ఆపరేషనైనా నడవకపోతే ఇంతే అమ్మా, నడిపించండి, పప్పూ గుడ్డూ పెట్టండి, పచ్చళ్ళు కొన్నాళ్ళు మానేయండి" అన్నాను. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి సరేనంది.

ఆరో రోజున ఆవిడ నాకు కాకుండా సిస్టర్‌కి ఫోన్ చేసి ఏడ్చింది. కింద మర్మావయవాల దగ్గర బాగా వాచి నల్లగా కమిలిపోయిందట. రెండు రోజులుగా భయపడుతూ, నాకు చెప్పడానికి సిగ్గుపడి, కుళ్ళిపోతోందేమో అనుకుంటూ ఉంది. ఇది కూడా మామూలే. పొట్టలోని ద్రవం, కమిలిన రక్తం నేలవైపుకి జారతాయి, జారి చేరేది అక్కడే. మగవాళ్ళలోనూ అంతే. రెండు వారాల్లో అదే పోతుంది, పోయింది. కానీ ముందు చెప్పి ఉంటే రెండు నిమిషాల మాట, చెప్పనందుకు రెండు రాత్రుల నరకం. చెప్పకపోవడానికి కారణం? నాకూ సిగ్గే, ఒప్పుకోవాలి. ఇప్పుడు ఆ సంగతి సిస్టర్ చెప్తుంది, మగవాళ్ళకి నేను చెప్తాను.

కమిలిన రంగు కూడా అలాగే జారింది, పొట్ట మీద ఊదా, తర్వాత ఆకుపచ్చ, తర్వాత పసుపు, చివరికి తొడల మీద. మూడు వారాల్లో మాయం. తొమ్మిదో రోజు నుంచి కూర్చుని చేసే ఉద్యోగానికి వెళ్ళింది.

పన్నెండో రోజు చెకప్‌లో బొడ్డు కింద చెయ్యి పెడితే నీళ్ళ సంచీలో అల కదిలినట్టు కదిలింది. లోపల నీరు చేరింది. సూదితో అరవై మిల్లీలీటర్లు లాగాను, గడ్డి రంగు నీరు, వాసన లేదు. నాలుగు రోజుల తర్వాత ఇంకో ఇరవై. అక్కడితో ఆగింది. గార్మెంట్ రెండు మూడు గంటలు ఎక్కువే విప్పి ఉంచుతోందని తేలింది, ఎందుకంటే అత్తగారి ముందు వేసుకోవడం విప్పుకోవడం కుదరదు, తలుపు గడియ పెట్టుకోవాలి, ఒక్కతే వెనక హుక్కులు పెట్టుకోలేదు.

ఆ రోజు అత్తగారు కూడా లోపలికి వచ్చింది, నేను వద్దనే లోపే. కోడలి ఒంటి మీద గార్మెంట్ చూసి, "ఇది నడికట్టే కదా. మా అమ్మ పాత చీర చింపి కట్టేది నాకు, ముగ్గురు పిల్లలకీ" అంది. తర్వాత చాలా మామూలుగా, "హెర్నియాకి నడుం వెనక చిల్లులెందుకు పెడతారమ్మాయ్, నేనేం చిన్నపిల్లనా?" అంది. కోడలు ఏమీ మాట్లాడలేదు. పెద్దావిడ లేచి, గార్మెంట్ అంచు పట్టుకుని, బాలింతకి నడికట్టు బిగించినట్టు కింది నుంచి పైకి ఒక్కో హుక్కూ పెట్టింది. మా సిస్టర్ కంటే బాగా పెట్టింది. ఎప్పుడు కనిపెట్టారని అడిగితే, "డాప్లరు నాడే" అంది.

కథ ఇక్కడ సుఖాంతం అయితే బాగుండేది. పద్దెనిమిదో రోజున రాజమండ్రిలో పెళ్ళి. నాలుగు గంటలు కారులో కూర్చుంది, కొత్త చీర, లోపల గార్మెంట్ బొడ్డు దగ్గర చుట్టుకుని తాడులా మడత పడింది. దారిలో సర్దుకోవడం కుదరలేదు, తిరుగు ప్రయాణంలోనూ అంతే. మెత్తగా ఉన్న కొవ్వు మీద మడత అచ్చు పడితే కుండ పచ్చిగా ఉన్నప్పుడు వేలు పెట్టినట్టే. నాలుగో వారంలో చూస్తే బొడ్డు మీదుగా అడ్డంగా గీత, నాలుగు వేళ్ళ పొడుగు. గార్మెంట్ కింద మెత్తటి ఫోమ్ పెట్టి, రోజూ మసాజ్ చేయించాం. సగం పైగా తగ్గింది. పూర్తిగా పోలేదు.

నాలుగో వారం నుంచి ఆరో వారం దాకా చాలామందికి విసుగు పుట్టే కాలం. వాపు తగ్గుతున్నా లోపల గట్టిపడుతుంది, చేత్తో రాస్తే ఉండలు కట్టిన ఉప్మాలా తగులుతుంది, చర్మం మొద్దుబారి ఉంటుంది, మధ్యలో దురద, ఒక్కోసారి చీమ కుట్టినట్టు చురుక్కుమనడం. పొట్ట పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా. ఆవిడ ఈ దశలో, "డబ్బు తగలేసుకున్నాను" అని సిస్టర్‌తో అంది. ఈ దశలో నేను ఎవరికీ ఫొటోలు చూపించను, మళ్ళీ చేద్దామన్న మాటే ఎత్తను. వాపు లొంగడానికి మూడు నెలలు, పూర్తిగా దిగడానికి ఆరు.

మూడో నెలలో నడుం కొలత 38 అంగుళాల నుంచి 35కి వచ్చింది. బరువు 69. ఆరో నెలలో నడుం 34 ముప్పాతిక, బరువు 68.5, అందులో నా పని ఎంత, ఆవిడ నడక ఎంత అనేది మీరే లెక్కేసుకోండి. తీసిన కొవ్వు కణాలు తిరిగి పుట్టవు గానీ మిగిలినవి ఉబ్బడానికి ఏ అడ్డూ లేదు, ఆ సంగతి ఆవిడకి నా కంటే బాగా తెలుసు. హెచ్‌బీఏ1సీ 5.8. చిల్లుల మచ్చల్లో వెనకవి రెండూ ఇంకా నల్లగా ఉన్నాయి, మన చర్మానికి అది ఏడాది పడుతుంది. బొడ్డు కింద అరచేతి అంత చోట స్పర్శ ఇంకా పూర్తిగా రాలేదు. సిజేరియన్ గీత మీది చర్మం కొంత మిగిలింది, ముందే చెప్పినట్టు. ఆ అడ్డగీత వెలుతురు పక్క నుంచి పడితే కనపడుతుంది. కొంచెం కొవ్వు ఎక్కించి సరిచేయొచ్చు అన్నాను, అక్కర్లేదంది. లంగా బొందు ఇప్పుడు గీత మీదే కడుతోందట, జారట్లేదట.

వెళ్తూ వెళ్తూ చేతుల సంగతి మళ్ళీ అడిగింది. మే నెల, బయట ఎండ మండిపోతోంది. ఈ వేడిలో ఆరు వారాలు చేతులకి తొడుగులు వేసుకుంటే చెమటకాయలతో చచ్చిపోతారు, కార్తీకం వెళ్ళాక చూద్దాం అన్నాను. పక్కనే ఉన్న అత్తగారు డైరీ తీసి రాసుకుంది.